పడుకున్నా ఆగని ఖర్చు: పిల్లల ఒంటికి కనీసం ఎంత తిండి కావాలి?

ఆదోని ప్రాంతంలో పదమూడేళ్ల అమ్మాయిలు ఇద్దరిని ఊహించుకోండి. ఒకరిది పట్నం. బరువు 50 కిలోలు. తోటి పిల్లలు ఏదో అన్నారని, ఫోన్‌లో వీడియో చూసి రోజుకు 1,200 కేలరీల డైట్ మొదలుపెట్టింది. ఇంకొకరిది కోసిగి వైపు పల్లె. బరువు 36 కిలోలు. వానలు లేక, ఊళ్లో పని లేక, దీపావళి దాటాక అమ్మానాన్నలతో పాటు సుగ్గికి పోయింది. పత్తి తీత, ఆ తర్వాత మిరప కోత. పొద్దున రెండు రొట్టెలు కట్టుకుని చేనికి పోతే మళ్లీ చీకటి పడ్డాకే పొయ్యి వెలిగేది.

ఒకమ్మాయి కావాలని తక్కువ తింటోంది, ఇంకో అమ్మాయి దొరక్క తక్కువ తింటోంది. కానీ ఇద్దరి ఒంట్లో నడిచే లెక్క మాత్రం ఒకటే. ఏ పనీ చేయకుండా, కదలకుండా పడుకున్నా ఒంటికి రోజూ కొంత శక్తి కావాలి. వైద్యులు దాన్ని విశ్రాంతి శక్తి అంటారు. బీఎంఆర్ అనే మాట కూడా చాలామంది విని ఉంటారు. పెద్దవాళ్ల విషయంలో ఈ అంకె బరువు తగ్గడానికో పెరగడానికో పనికొచ్చే సమాచారం. పిల్లల విషయంలో అంతకంటే పెద్ద సంగతి. ఎందుకంటే పిల్లలు ఉన్న ఒంటిని నడుపుకుంటూనే కొత్త ఒంటిని కట్టుకోవాలి. కింద చెప్పే లెక్కలన్నిట్లో కేలరీ అంటే తిండి పొట్లాల మీద ఉండే కిలోకేలరీ అనే అర్థం.

ఈ ఖర్చు ఎక్కడ పోతుంది?

నిద్రలో కూడా గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, మూత్రపిండాలు రక్తాన్ని వడగడతాయి, కాలేయం తన పని తాను చేస్తుంది, మెదడు క్షణం కూడా ఆగదు. వీటన్నిటికీ తిండే ఇంధనం. ఇల్లు తాళం వేసినా కరెంటు మీటర్ తిరుగుతూనే ఉన్నట్టు.

ఒంట్లో అన్ని భాగాలూ ఒకేలా ఖర్చు చేయవు. కిలో లెక్కన చూస్తే గుండె, మూత్రపిండాలు రోజుకు 440 కేలరీల దాకా వాడతాయి. మెదడు 240, కాలేయం 200. అదే కిలో కండ అయితే విశ్రాంతిలో 13 కేలరీలే. కొవ్వు అయితే ఐదు కూడా కాదు. అంటే ఖర్చంతా లోపలి అవయవాలది.

పిల్లల లెక్క వేరుగా ఉండడానికి కారణం ఇక్కడే ఉంది. చిన్నపిల్లల ఒంట్లో మెదడు, కాలేయం వంటి అవయవాల వాటా ఎక్కువ, కండ వాటా తక్కువ. అమెరికాకు చెందిన క్రిస్టఫర్ కుజావా బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఐదేళ్ల వయసు దగ్గర మెదడు వాడుకునే గ్లూకోజ్ విశ్రాంతి శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులకు సమానం. అంగన్‌వాడీ వయసు బిడ్డ తిండిలో పెద్ద వాటా తలకే పోతోందన్నమాట. ఆ వయసులో తిండి తగ్గితే ఏది వెనకబడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

2021లో 29 దేశాలకు చెందిన 6,421 మంది కొలతలతో వచ్చిన మరో పెద్ద అధ్యయనం కూడా ఇదే దారిలో ఉంది. ఒంటి పరిమాణాన్ని సరిచేసి చూస్తే, ఏడాది బిడ్డ ఒళ్లు పెద్దవాళ్ల కంటే దాదాపు 50 శాతం ఎక్కువ వేగంతో శక్తిని ఖర్చు చేస్తుంది. ఆ వేగం మెల్లమెల్లగా తగ్గుతూ 20 ఏళ్లకు గానీ పెద్దవాళ్ల స్థాయికి రాదు.

అంగన్‌వాడీలో తూకం వేసేటప్పుడు జేజమ్మలు తరచుగా అనే మాట ఒకటుంది: "ఏం టీచరమ్మా, వీడు తింటానే ఉంటాడు, ఒళ్లు మాత్రం పట్టల్యా!" దానికి సగం జవాబు ఈ అంకెల్లోనే ఉంది. బిడ్డ తిన్నది ముందు లోపలి ఖర్చుకు పోతుంది. మిగిలితేనే ఒంటికి పడుతుంది.

కొలిచేది ఎలా?

అసలైన పద్ధతి ఊపిరిని కొలవడం. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, తల మీద పారదర్శకమైన గుమ్మటం లాంటి మూత పెడతారు. ఎంత ఆక్సిజన్ లోపలికి పోయిందో, ఎంత కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చిందో యంత్రం లెక్కిస్తుంది. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే సుమారు ఐదు కేలరీలు ఖర్చయినట్టు. ఈ రెండు వాయువుల నుంచి కేలరీలు రాబట్టే సూత్రాన్ని వెయిర్ అనే శాస్త్రవేత్త 1949లో ఇచ్చాడు. ఇప్పటికీ అదే వాడుతున్నారు.

అసలైన బీఎంఆర్ కావాలంటే రాత్రి తిన్నాక 10-12 గంటలు ఏమీ తినకూడదు, మేలుకుని ఉండాలి, కదలకూడదు, గది మరీ చల్లగా, వేడిగా ఉండకూడదు. ఇన్ని షరతులతో మూడేళ్ల బిడ్డను పడుకోబెట్టడం ఎవరి తరం? అందుకే పిల్లల దగ్గర షరతులు కొంచెం సడలించి, తిన్న కొన్ని గంటల తర్వాత కొలుస్తారు. అప్పుడు వచ్చే అంకె అసలు బీఎంఆర్ కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. పైగా ఈ యంత్రం ఖరీదైనది. పెద్ద ఆసుపత్రుల్లో, పరిశోధన సంస్థల్లో తప్ప కనపడదు. మిగతా అన్ని చోట్లా అంచనా సూత్రాలే దిక్కు.

సూత్రం ఎవరి ఒంటిని చూసి రాశారు?

ప్రపంచమంతా ఎక్కువగా వాడిన సూత్రాలు షోఫీల్డ్‌వి. 1985లో ఐక్యరాజ్యసమితి సంస్థల శక్తి అవసరాల నివేదికకు ఆధారం అవే. అంతకుముందు అచ్చయిన 114 అధ్యయనాల నుంచి 7,173 కొలతలు తీసుకుని ఆయన వీటిని తయారుచేశాడు. ఇందులో ఒక చిక్కుంది. ఆ కొలతల్లో 3,388, అంటే దాదాపు సగం, ఇటలీ వాళ్లవి. ఉష్ణమండల దేశాల వాళ్లవి 322 మాత్రమే.

ఈ లోటును సరిచేయడానికి జయ హెన్రీ అనే శాస్త్రవేత్త 2005లో కొత్త సూత్రాలు ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డ్ సూత్రాలని వాటికి పేరు. ఇటలీ కొలతలన్నీ తీసేసి, మొత్తం 10,552 కొలతలు వాడాడు. అందులో 4,018 ఉష్ణమండల ప్రాంతాల వాళ్లవి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి కూడా, భారతీయ పెద్దవాళ్లకు ఐక్యరాజ్యసమితి సూత్రం కాస్త ఎక్కువ చూపిస్తుందని, 5 శాతం తగ్గించి వాడింది.

ఈ తేడాలు పెద్దవాళ్లలో ఎక్కువగా కనపడతాయి. మామూలు బరువున్న పిల్లల్లో రెండు సూత్రాలూ చాలావరకు దగ్గరగానే వస్తాయి. కాబట్టి ఇంట్లో ఒక అంచనా వేసుకోవడానికి షోఫీల్డ్ సూత్రం సరిపోతుంది.

ఇంట్లో వేసుకునే లెక్క

కావాల్సింది మూడే: వయసు, ఆడపిల్లా మగపిల్లాడా, బరువు.

3 నుంచి 10 ఏళ్ల మగపిల్లలు: బరువును 22.7తో గుణించి 504 కలపాలి.

3 నుంచి 10 ఏళ్ల ఆడపిల్లలు: బరువును 20.3తో గుణించి 486 కలపాలి.

10 నుంచి 18 ఏళ్ల మగపిల్లలు: బరువును 17.7తో గుణించి 658 కలపాలి.

10 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు: బరువును 13.4తో గుణించి 693 కలపాలి.

వచ్చిన అంకె, ఒక పూట కాదు, ఇరవై నాలుగు గంటలకు విశ్రాంతిలో ఖర్చయ్యే కేలరీలు.

మొదట చెప్పుకున్న పట్నం అమ్మాయి బరువు 50 కిలోలు. 50ని 13.4తో గుణిస్తే 670. దానికి 693 కలిపితే 1,363. ఆ అమ్మాయి పాటిస్తున్న డైట్ 1,200. అంటే బడికి పోకుండా, మెట్లెక్కకుండా, పుస్తకం తెరవకుండా రోజంతా మంచం మీద పడుకున్నా ఆ తిండి చాలదు. ఇంకో మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 13-15 ఏళ్ల అమ్మాయిలకు ప్రమాణంగా తీసుకున్న బరువు 49.6 కిలోలు. ఆ అమ్మాయి అసలు లావే కాదు!

సుగ్గికి పోయిన అమ్మాయి బరువు 36 కిలోలు. అదే లెక్కన విశ్రాంతి ఖర్చు సుమారు 1,175 కేలరీలు. గంటకు 49. రాత్రి 8 గంటలకు తిని, పొద్దున ఏమీ తినకుండా మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఉంటే, కూర్చున్నా పడుకున్నా 800 కేలరీల దాకా ఒంట్లోంచి పోయినట్టే. చేనిలో వంగి చేసే పని దీని పైన అదనం. పొద్దున ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి పడిపోయే పిల్లల కథలో కూడా ఈ లెక్కకు చోటుంది.

ఫోన్ చెప్పే అంకెతో జాగ్రత్త

ఫోన్‌లో దొరికే చాలా బీఎంఆర్ లెక్కలు వాడేది మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. 1990లో వచ్చింది. దానికోసం కొలిచింది 19 ఏళ్లు దాటిన 498 మందిని. అంతకంటే పాతదైన హారిస్-బెనెడిక్ట్ సూత్రం 1919 నాటిది. అదీ పెద్దవాళ్లకే వాడేది. వాటిలో పిల్లల వయసు కొడితే అవి అడ్డు చెప్పకుండా ఏదో ఒక అంకె ఇస్తాయి. ఆ అంకె తప్పు.

ఎంత తప్పు? మన పట్నం అమ్మాయి ఎత్తు 152 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ సూత్రం 1,224 కేలరీలు చూపిస్తుంది. పిల్లల సూత్రం చూపించింది 1,363. దాదాపు 140 కేలరీల తేడా. అది ఒక మోస్తరు జొన్నరొట్టె. ఒక్కరోజుకు చిన్న విషయమే. కానీ ఏడాది పొడుగునా రోజూ ఒక రొట్టె తక్కువ పెడితే ఎదిగే బిడ్డకు అది చిన్న విషయం కాదు.

సూత్రం ఎక్కడ పక్కదారి పడుతుంది?

సూత్రం అంటే సగటు. ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఇద్దరు పిల్లల మధ్య కూడా తేడా ఉంటుంది. కొన్ని సందర్భాల్లో ఆ తేడా పెద్దది.

జ్వరం వస్తే ఒళ్లు వేడెక్కే ప్రతి ఒక్క డిగ్రీ ఫారెన్‌హీట్‌కు విశ్రాంతి ఖర్చు సుమారు 7 శాతం పెరుగుతుంది. 102 డిగ్రీల జ్వరం అంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ. జ్వరం వచ్చిందని బిడ్డకు తిండి మానిపించే పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఒంటికి అవసరం పెరిగిన రోజే సరఫరా ఆపినట్టవుతుంది. గట్టి తిండి సహించకపోతే జావ, పప్పుకట్టు, మెత్తని అన్నం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. తగ్గాక కొన్ని రోజులు ఒక పూట అదనంగా పెట్టాలి.

బాగా లావున్న పిల్లల్లో బరువు ఒక్కటే చూసే సూత్రం అంత కుదరదు. పెరిగిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు, కొవ్వు విశ్రాంతిలో ఖర్చు చేసేది తక్కువ. అలాంటి పిల్లలకు ఆసుపత్రిలో ఎత్తును కూడా కలిపిన సూత్రం వాడతారు. వీలుంటే యంత్రంతో కొలుస్తారు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మాత్రం బక్కపిల్లల దగ్గరే వస్తుంది. పశ్చిమ కర్నూలులో ఎక్కువమందికి సంబంధించింది కూడా అదే.

బక్కబిడ్డకు తక్కువ చాలు అనే మాయ

ఎనిమిదేళ్ల మగపిల్లలు ఇద్దరు. ఒకడు 25 కిలోలు, ఇంకొకడు 18. సూత్రం ప్రకారం మొదటివాడి విశ్రాంతి ఖర్చు సుమారు 1,070 కేలరీలు, రెండోవాడిది 910. "చూశారా, చిన్నోడికి తక్కువ చాలు" అనిపిస్తుంది. రోజు మొత్తం అవసరానికి ఐక్యరాజ్యసమితి సంస్థలు 2004లో ఇచ్చిన సూత్రంతో చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది. మొదటివాడికి 1,730, రెండోవాడికి 1,365. రోజుకు 365 కేలరీల తేడా.

ఇక్కడే ఆగి ఆలోచించాలి. సూత్రం ఇప్పుడున్న బరువును చూసి లెక్క చెబుతుంది. ఆ బరువు ఇన్నాళ్లు దొరికిన తిండిని బట్టి వచ్చింది. తక్కువ తిన్నందుకు బరువు తగ్గింది, బరువు తక్కువ కాబట్టి తక్కువ తిండి చాలని లెక్క వచ్చింది. ఆ లెక్క ప్రకారమే పెడితే ఆ బిడ్డ ఉన్నచోటే ఉంటాడు. ఎన్నేళ్లు పెట్టినా ఇరవై అయిదు కిలోల బిడ్డను అందుకోడు.

కిలో లెక్కన చూస్తే సంగతి ఇంకా స్పష్టం. బక్కబిడ్డ కిలోకు 51 కేలరీలు ఖర్చు చేస్తున్నాడు, మొదటివాడు 43. కండ, కొవ్వు కరిగినా మెదడు, గుండె ఖర్చు తగ్గించుకోలేవు. కాబట్టి బక్కబిడ్డ ఒళ్లు పొదుపుగా ఉందనుకోవడం పొరపాటు. ఇంట్లో సామాన్లు అమ్ముకున్నా అద్దె కట్టక తప్పని సంసారం అది. బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో ప్రకాశ్ శెట్టి బృందం 1980లలో పోషణ లేని కూలీల మీద చేసిన కొలతల్లో కూడా, వాళ్ల విశ్రాంతి ఖర్చు తక్కువగా ఉండడానికి ముఖ్య కారణం ఒళ్లే తక్కువగా ఉండడం అని తేలింది.

దీని మీద మన దేశంలో ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. 1980ల మొదట్లో అమెరికా ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్, పేద దేశాల్లో పొట్టిగా, బక్కగా ఉన్నవాళ్లలో చాలామంది చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారని వాదించాడు. ఆ మాట నిజమైతే ఆకలి లెక్క ఒక్కసారిగా తగ్గిపోతుంది, ప్రభుత్వాల ఖర్చూ తగ్గిపోతుంది. దాన్ని గట్టిగా ఎదిరించినవాళ్లలో ముఖ్యుడు డాక్టర్ సి. గోపాలన్. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టర్‌గా, తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతిగా పనిచేసిన వ్యక్తి. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఆ సంస్థ తరతరాలుగా పేద పిల్లల ఒంటినే చదివింది. ఎదుగుదల ఆగడం ఒంటి తెలివితేటలు కాదని, అది లేమికి గుర్తని గోపాలన్ వాదన. చిన్న ఒళ్లు చాలనే మాట పేదవాళ్ల పిల్లలకే ఎందుకు వర్తిస్తుంది, ఉన్నవాళ్ల పిల్లలకు ఎందుకు వర్తించదు అన్నది ఆయన అడిగిన ప్రశ్న.

ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 29.6 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు.

నేల ఒకటి, గడప ఇంకొకటి

విశ్రాంతి శక్తి అంటే నేల లాంటిది. దాని కిందికి పోకూడదు. అంతమాత్రాన అక్కడే ఆగకూడదు. దాని మీద తిన్నది అరగడానికి, ఆటకు, బడికి, పనికి అయ్యే ఖర్చు, చివర్లో ఎదుగుదల ఉంటాయి.

ఎదుగుదలకు పోయే వాటా పుట్టిన తొలి మూడు నెలల్లో మొత్తం అవసరంలో 35 శాతం దాకా ఉంటుంది. ఏడాదికి 3 శాతానికి దిగుతుంది. ఆ తర్వాత యుక్తవయసు మధ్య దాకా 1-2 శాతమే. వినడానికి తక్కువే. కానీ ఒళ్లు అన్ని ఖర్చులూ తీర్చుకున్నాక చివర్లో తీసేది ఈ వాటానే. తిండి తగ్గితే ముందు కోత పడేది దీని మీదే.

జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన రోజు అవసరాలు ఇవి: 1-3 ఏళ్లకు 1,110 కేలరీలు, 4-6 ఏళ్లకు 1,360, 7-9 ఏళ్లకు 1,700. 10-12 ఏళ్ల మగపిల్లలకు 2,220, ఆడపిల్లలకు 2,060. 13-15 ఏళ్ల మగపిల్లలకు 2,860, ఆడపిల్లలకు 2,400. 16-18 ఏళ్ల మగపిల్లలకు 3,320, ఆడపిల్లలకు 2,500. ఇవి ప్రమాణ బరువున్న, ఒక మోస్తరుగా కదిలే పిల్లలకు.

సుగ్గికి పోయిన అమ్మాయికి ఇప్పుడున్న 36 కిలోల బరువుకే మామూలు రోజుల్లో 2,025 కేలరీలు కావాలి. రోజంతా ఒళ్లు వంచి పనిచేస్తే ఇంకో 15 శాతం, అంటే 2,330 దాకా. ఊళ్లో ఉండి బడికి పోతే 6-8 తరగతుల మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వ ప్రమాణం 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్. చిన్న తరగతులకు 450 కేలరీలు, 12 గ్రాములు. బండెక్కి సుగ్గికి పోయిన రోజున ఆ అమ్మాయి ఖర్చు 300 కేలరీలు పెరిగింది, జమలో 700 పోయింది. పాఠాలు పోవడం అందరికీ కనపడే నష్టం. ఇది కనపడదు, మరుసటి ఏడాది గౌను పొడుగు పెంచాల్సిన అవసరం రాకపోవడంలో మాత్రం తెలుస్తుంది.

అందుకే ఈ ప్రాంతంలో సీజనల్ హాస్టల్ అంటే చదువు ఏర్పాటు ఒక్కటే కాదు, తిండి ఏర్పాటు కూడా. అమ్మానాన్నలు పోయినా బిడ్డ ఊళ్లోనే, జేజి దగ్గరో హాస్టల్‌లోనో ఉండి బడికి పోతే మధ్యాహ్నం పళ్లెం నిలుస్తుంది. ఐదారేళ్ల లోపు బిడ్డను వెంట తీసుకుపోక తప్పదనుకుంటే, పోయే ముందే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పాలి. పోషణ్ ట్రాకర్‌లో ఉన్న బిడ్డ పేరును పోయే చోటి అంగన్‌వాడీకి మార్చుకునే వీలుంది. అంగన్‌వాడీలో ఆరేళ్ల లోపు బిడ్డకు రోజూ తిండి ఇవ్వాలి, బాగా చిక్కిపోయిన బిడ్డకు ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

వెనకబడిన బిడ్డ అందుకోవాలంటే

ఒంటి బరువు ఒక గ్రాము పెరగడానికి సుమారు 5 కేలరీలు అదనంగా పడుతుంది. రెండు కిలోలు వెనకబడిన బిడ్డకు పది వేల కేలరీలు కావాలన్నమాట. పెద్ద అంకెలా ఉంది కదా! వంద రోజులకు పంచితే రోజుకు వంద కేలరీలు. 20 గ్రాముల బుడ్డల్లో అంత శక్తి ఉంటుంది. అంటే రోజూ తినేదానికి తోడు ఒక చిన్న గుప్పెడు. దాన్ని పోటీలేకుండా ఆ బిడ్డ నోట్లోకే పోయేటట్టు చూడాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలు గొంతుకు అడ్డం పడతాయి. కాబట్టి వేయించి, బెల్లంతో దంచి పొడిగానో, జావలో కలిపో పెట్టాలి.

చిన్న కడుపు ఒక్కసారే ఎక్కువ పట్టదు. జావ, నీళ్లపప్పు లాంటివి కడుపు నింపుతాయి గానీ కేలరీలు తక్కువ. అదే జావలో బుడ్డల పొడి, బెల్లం వేసినా, అన్నంలో ఒక చెంచా నూనెో నెయ్యో కలిపినా, అదే గిన్నెలో శక్తి పెరుగుతుంది. ఒక చెంచా నూనె, అంటే 5 గ్రాములు, 45 కేలరీలు. రొట్టెతో పాటు గట్టిపప్పు, వీలైనప్పుడు గుడ్డు, పాలు ఉంటే ప్రోటీన్ కూడా సరిపోతుంది. కేలరీలు ఒక్కటే చాలవు, కట్టడానికి ఇటుకలూ కావాలి.

ఆసుపత్రుల్లో ఆహార నిపుణులు వెనకబడిన బిడ్డకు లెక్క వేసేటప్పుడు ఇప్పుడున్న బరువుతో ఆగరు. ఎత్తుకు తగ్గట్టు చేరాల్సిన బరువును చూసి పెడతారు. ఇంట్లోనూ చూడాల్సింది అదే.

ఇంట్లో లెక్కలు కట్టకూడని సందర్భాలు

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ భుజానికి, మోచేతికి మధ్య చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే, రెండు పాదాలకూ వాపు ఉంటే, బిడ్డ తిండి ముట్టకుండా నీరసంగా ఉంటే అది తీవ్రమైన పోషణ లోపం. అలాంటి బిడ్డకు "బాగా పెడదాం" అని ఒక్కసారే ఎక్కువ తినిపించడం ప్రమాదం. చాలారోజులు ఖర్చు తగ్గించుకుని బతికిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి దూరితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది. పోషణ పునరావాస కేంద్రాల్లో మొదటి రోజుల్లో కిలోకు 80-100 కేలరీలు మాత్రమే, రెండు మూడు గంటలకోసారి, ప్రత్యేకమైన పాలతో ఇస్తారు. ఒళ్లు కుదుటపడ్డాకే కిలోకు 150-220 దాకా పెంచుతారు. అంగన్‌వాడీ టీచర్ గానీ ఆశా వర్కర్ గానీ ఆసుపత్రికి పంపమంటే పంపాలి. కూలి పోతుందని వెనకాడితే బిడ్డే పోయే ప్రమాదం ఉంది.

రెండో వైపు, డైట్ మొదలుపెట్టిన అమ్మాయికి నెలసరి తప్పినా, జుట్టు ఊడినా, ఎప్పుడూ చలి అంటున్నా, తల తిరుగుతున్నా, ఒళ్లు ఖర్చులు కోసుకుంటోందని అర్థం. డాక్టర్‌కు చూపించాలి. బరువు నిజంగా ఎక్కువే ఉన్నా, ఎదిగే వయసులో విశ్రాంతి అవసరం కంటే కిందికి తిండి తగ్గించడం మందు కాదు. చక్కెర పానీయాలు, బజ్జీలు, పొట్లాల చిరుతిండి తగ్గించి, ఆట పెంచితే, ఎత్తు పెరిగేకొద్దీ చాలామంది పిల్లల బరువు దానంతట అదే సర్దుకుంటుంది.

మొదట చెప్పుకున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరు ఆ 1,200 దాటి తినడానికి ఇంట్లో ఎవరో ఒకరు కూర్చుని ఈ గుణకారం చేసి చూపిస్తే చాలు. ఇంకొకరికి గుణకారం చాలదు. ఆ అమ్మాయి ఊళ్లో పని, హాస్టల్, మధ్యాహ్నం పళ్లెం ఉండాలి. ఆ బిడ్డ 36 కిలోలే కాబట్టి తక్కువ చాలని ఎవరన్నా అంటే, ఆ 36 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు అడగాలి.